బొమ్మకు బహుమతి ఆశ పెట్టొద్దు

సంపాదకునికి,

"చక్కగా బొమ్మ వేస్తే బహుమతి ఇస్తా" అని చిన్నపిల్లలతో ప్రేమగానే అంటాం. కానీ దానివల్ల నష్టమే ఎక్కువ. 1973లో వెలువడిన, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ నర్సరీలో జరిగిన అధ్యయనం ఇదే తేల్చింది. బహుమతి ఇస్తామని ముందే చెప్పి బొమ్మలు వేయించిన పిల్లలు ఆ తర్వాత తమంతట తాము వేయడం బాగా తగ్గించేశారు. ముందు చెప్పకపోయినా బహుమతి అందుకున్న పిల్లల్లో ఆ తగ్గుదల లేదు.

దిద్దడమూ అంతే. పాప ఏనుగుకు ఊదా రంగు వేస్తే "ఏనుగు ఇలా ఉంటుందా?" అనేస్తాం. "ఇది ఎక్కడికెళ్తోంది?" అని అడిగి చూడండి, కథ అల్లేస్తుంది! ఖరీదైన కిట్లేమీ అక్కర్లేదు, ఖాళీ అట్టపెట్టె చాలు. రోజూ కాసేపైనా పిల్లల్ని వాళ్ల ఆటకు వదిలేసి, మధ్యలో సలహాలివ్వకుండా ఉండమని తల్లిదండ్రులకు నా విన్నపం.

- ఒక పాఠకురాలు