రంగా గారి ప్రసంగాలు తెలుగులోకి రావాలి

సంపాదకులకు,

నామినేషన్‌తో దాఖలు చేసే అఫిడవిట్లలో వృత్తి అన్న చోట ‘వ్యవసాయం’ అని రాసే అభ్యర్థులకు మన రాష్ట్రంలో ఎన్నడూ కొదవ లేదు. గెలిచిన తరువాత వారిలో ఎందరు భూమి చట్టాలను శ్రద్ధగా చదివి సభలో మాట్లాడారన్నది వేరే సంగతి. రైతుబిడ్డ శాసనకర్త అయితే ఏం చేయగలడో తెలియాలంటే ఆచార్య ఎన్.జి. రంగా ప్రసంగాలు చదవాలి. ఆయన పేరు వ్యవసాయ విశ్వవిద్యాలయానికి పెట్టుకున్నాం గాని, ఆయన వాదనలను సామాన్య తెలుగు రైతుకు అందుబాటులోకి తేలేదు.

1900 నవంబరు 7న గుంటూరు జిల్లా నిడుబ్రోలులో రైతు కుటుంబంలో పుట్టిన రంగా ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, మద్రాసు పచ్చయప్ప కళాశాలలో అర్థశాస్త్ర ఆచార్యులయ్యారు. ఆ కొలువు వదిలి జాతీయోద్యమంలోకి వచ్చి, వెంకటగిరి జమీందారీ రైతుల పక్షాన పోరాడారు. 1936లో లక్నోలో ఏర్పడిన అఖిల భారత కిసాన్ సభ స్థాపకుల్లో ఆయన ఒకరు. రైతు యువకులకు రాజకీయం, అర్థశాస్త్రం నేర్పడానికి నిడుబ్రోలులో విద్యాలయం నడపడం నా దృష్టిలో వీటన్నిటికంటే పెద్ద పని. నేటి పార్టీలు కార్యకర్తలకు ఇచ్చే శిక్షణలో అలాంటిది కాగడా పెట్టి వెతికినా కనబడదు.

1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ సహకార సమష్టి వ్యవసాయాన్ని లక్ష్యంగా తీర్మానించినప్పుడు, సొంత కమతంపై రైతుకున్న హక్కు పోతుందని వాదించి రంగా పార్టీని విడిచారు; అదే ఏడాది రాజాజీ తదితరులతో కలిసి స్వతంత్ర పార్టీని స్థాపించి దానికి అధ్యక్షులయ్యారు. 1964లో వచ్చిన పదిహేడవ రాజ్యాంగ సవరణనూ ఆ పార్టీ వ్యతిరేకించింది. జమీందారీల రద్దు కోసం రాజ్యాంగంలో చేర్చిన ‘ఎస్టేటు’ నిర్వచనాన్ని ఆ సవరణ రైత్వారీ పట్టా భూములకు, అంటే రైతు నేరుగా ప్రభుత్వానికే శిస్తు కట్టే భూములకు కూడా విస్తరింపజేసింది. అయితే చట్టం విధించిన భూ గరిష్ఠ పరిమితికి లోబడి రైతు స్వయంగా సాగు చేసుకునే భూమిని ప్రభుత్వం తీసుకుంటే మార్కెట్ విలువకు తగ్గని పరిహారం ఇవ్వాలన్న నిబంధన కూడా అదే సవరణతో 31ఎ అధికరణంలోకి వచ్చింది. భూసేకరణ గురించి నేడు వాదులాడుకునే వారిలో ఈ చరిత్ర తెలిసినవారు ఎందరో నాకు అనుమానమే.

ఆయన చెప్పిందంతా ఒప్పుకోవాలని నేను అనడం లేదు. ఆయన దృష్టిలో రైతు అంటే ప్రధానంగా పట్టాదారే; కౌలుదారు, వ్యవసాయ కూలీ ప్రయోజనాలు పట్టాదారు ప్రయోజనాలతో ఢీకొన్న చోట ఆయన వాదన బలహీనపడుతుందని నా అభిప్రాయం. కమ్యూనిస్టులతో ఆయనకు వచ్చిన విభేదాల్లో ఇదీ ఒకటి. పార్టీలు మారారన్న విమర్శా ఉంది: 1951లో కాంగ్రెస్‌ను వీడి కృషికార్ లోక్ పార్టీ పెట్టారు, తిరిగి కాంగ్రెస్‌లో చేరారు, మళ్లీ వీడారు, చివరికి ఇందిరా గాంధీ నాయకత్వంలోని కాంగ్రెస్‌లోకే వచ్చారు.

కనుక ఆయన పేరున్న విశ్వవిద్యాలయం చొరవ తీసుకుని, రాజ్యాంగ సభలోనూ లోక్‌సభలోనూ భూమిపైన, రైతు సమస్యలపైన ఆయన చేసిన ప్రసంగాలను సరళమైన తెలుగులో, అవసరమైన వివరణలతో ప్రచురించాలని కోరుతున్నాను. ఆ సభల చర్చలు బహిరంగ పత్రాలే కాబట్టి అనుమతుల చిక్కు పెద్దగా ఉండకూడదు. ఆ సంపుటాల్లో ఆయనను ఖండించిన సభ్యుల మాటలు కూడా పక్కనే ఉండాలి.

భవదీయుడు,
ఒక పాఠకుడు