ఛార్జింగ్ పాయింట్‌తో పాటు నీడ కూడా కావాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. నేను కొత్తగూడెంలో ఉంటాను. మెడికల్ రిప్రజెంటేటివ్‌గా పనిచేస్తున్నాను. వారానికి రెండు రోజులు పాల్వంచ, సారపాక మీదుగా భద్రాచలం వెళ్ళి, డాక్టర్లను కలిసి సాయంత్రానికి ఇల్లు చేరతాను. పోను నలభై, రాను నలభై, ఊళ్ళో తిరుగుడు ఇంకో పదిహేను కిలోమీటర్లు. పెట్రోలు ఖర్చుకు తట్టుకోలేక ఎలక్ట్రిక్ బైక్ కొన్నాను. కొన్నందుకు సంతోషంగానే ఉన్నాను, బండి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నా బాధంతా ఆ బండిని పగలు నిలబెట్టే చోటు గురించే.

పోయిన మే నెలలో ఒక రోజు పొద్దున్నే ఆరున్నరకు బయల్దేరాను. అప్పుడు బండి స్క్రీన్ మీద బ్యాటరీ వేడి 32 డిగ్రీలు. భద్రాచలం చేరేసరికి 38. ఒక ఆసుపత్రి ముందు పార్కింగ్‌లో పెట్టి లోపలికి వెళ్ళాను. ఆ పార్కింగ్ అంటే తారు వేసిన ఖాళీ స్థలం, పైన ఆకాశం తప్ప ఏమీ లేదు. మూడు గంటల తర్వాత వచ్చి తాళం తిప్పితే 48 చూపించింది. సీటు మీద చెయ్యి పెట్టలేకపోయాను. తిరుగు ప్రయాణానికి కాస్త ఛార్జింగ్ కావాలి కాబట్టి దగ్గర్లో ఉన్న ఛార్జింగ్ పాయింట్‌కు వెళ్ళాను. అదీ ఎండలోనే. ప్లగ్ పెట్టాను, ఎర్ర లైటు వెలిగింది, ఛార్జింగ్ ఎక్కలేదు. తీసి మళ్ళీ పెట్టాను. అంతే. బ్యాటరీ పోయిందేమోనని టెన్షన్ పట్టుకుంది. షోరూమ్‌కు ఫోన్ చేస్తే "ఎండాకాలం అంతే సార్, కాసేపు ఆగండి" అన్నారు. ఎంతసేపు ఆగాలో, ఎందుకు ఆగాలో చెప్పలేదు.

పక్కనే కానుగ చెట్టు కింద టీ కొట్టు నడిపే పెద్దాయన నన్ను చూసి, "బండిని ఈ చెట్టు కిందికి తోసుకురా బాబూ, ముందు దాన్ని సేద తీరనివ్వు" అన్నాడు. అలాగే చేశాను. గంటంబావుకు 43కి దిగింది. అప్పుడు ఛార్జింగ్ ఎక్కింది. ఆ రోజు ఇద్దరు డాక్టర్లను కలవలేకపోయాను.

తర్వాతి వారం అదే సమయానికి వెళ్ళి, ఈసారి బండిని మొదటే ఆ కానుగ కింద పెట్టాను. ఎండ ముందటి వారం లాగే ఉంది. మూడు గంటల తర్వాత చూస్తే 40 డిగ్రీలు. ప్లగ్ పెట్టగానే ఛార్జింగ్ ఎక్కింది. ఎనిమిది డిగ్రీల తేడా, ఒక్క చెట్టు వల్ల. ఈ ఉత్తరం రాయడానికి కారణం ఆ ఎనిమిది డిగ్రీలే.

లిథియం అయాన్ బ్యాటరీల్లో చాలావాటికి ఛార్జింగ్ పెట్టడానికి తయారీదారులు చెప్పే పై హద్దు 45 డిగ్రీలు. నడపడానికైతే 60 దాకా ఓర్చుకుంటాయి. అందుకే ఆ రోజు నా బండి నడిచింది కానీ ఛార్జింగ్ తీసుకోలేదు. బ్యాటరీని కాపలా కాసే బీఎంఎస్ అనే సర్క్యూట్ దారి మూసేసింది. అది చెడిపోవడం కాదు, సరిగ్గా పనిచేయడమే. ఈ రెండు వాక్యాలు ఎవరైనా నాకు బండి కొన్న రోజు చెప్పి ఉంటే అంత కంగారు పడేవాణ్ణి కాదు.

పత్రికల్లో మనం చదివే "44 డిగ్రీలు" నీడలో కొలిచిన లెక్క అని కూడా చాలామందికి తెలియదు. వాతావరణ శాఖ వాళ్ళు గాలి ఆడే తెల్ల చెక్కపెట్టెలో, నేలకు ఎత్తుగా థర్మామీటరు పెట్టి చూస్తారు. మన బండ్లు నిలబడేది ఎండలో, కింద కాలిపోతున్న తారు మీద. పైనుంచి ఎండ, కిందినుంచి సెగ. మనిషైతే జరిగి నిలబడతాడు, బండి ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది.

కార్లలో చాలావాటికి బ్యాటరీని చల్లబరచడానికి లోపల ద్రవం తిరిగే ఏర్పాటు ఉంటుంది. మన దగ్గర తిరిగే ఎలక్ట్రిక్ బైకులు, స్కూటర్లలో ఎక్కువ భాగం గాలి మీదే ఆధారపడతాయి. అల్యూమినియం పెట్టె, దానికి రెక్కల్లాంటి గీతలు, ఎదురుగాలి. బండి ఆగితే ఆ గాలి కూడా ఉండదు. పైగా బ్యాటరీ బరువైన ముద్ద. ఒకసారి లోపలి దాకా వేడెక్కిందంటే పది నిమిషాల్లో చల్లారదు.

ఇది తెలియక నాతోటి వాళ్ళు చేసే పనులు చూస్తే భయమేస్తుంది. ఒకతను తడి గోనెసంచి కప్పి, దాని మీదే ఛార్జర్ వైరు పెట్టాడు. ఇంకొకతను బకెట్టు నీళ్ళు కుమ్మరించాడు. పైన పెట్టె చల్లబడినట్టు అనిపించినా లోపలి సెల్స్ వేడిగానే ఉంటాయి, నీళ్ళు మాత్రం కనెక్టర్లలోకి పోతాయి. ఎండ తగలకూడదని ప్లాస్టిక్ కవరు కప్పి పెట్టేవాళ్ళున్నారు, లోపలి వేడి బయటికి పోయే దారి లేకుండా. నేను ఇప్పుడు పాటించేవి చాలా మామూలు విషయాలు. దూరం నుంచి రాగానే ప్లగ్ పెట్టను, ముప్పావు గంటైనా నీడలో ఆపుతాను. రోజువారీ తిరుగుడుకు 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపేస్తాను, ఎందుకంటే నిండా నింపిన బ్యాటరీ ఎండలో నిలబడితే తొందరగా ముసలిదవుతుంది. మధ్యాహ్నం, కరెంటు ఎక్కువ లాగి వేగంగా పోయే స్పోర్ట్ మోడ్ జోలికి పోను. కరెంటు రెట్టింపు లాగితే తీగల్లోనూ సెల్స్‌లోనూ పుట్టే వేడి నాలుగింతలవుతుంది మరి. ఇద్దరెక్కి ఎదురుగాలిలో వేగంగా పోయిన రోజున ఆ తేడా స్క్రీన్ మీదే కనిపిస్తుంది.

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఒకరు, విజయవాడలో ఒకరు ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి చనిపోయారు. ఆ వార్తలు చదివి మా ఇంట్లో వాళ్ళు ఈ బండి వద్దనే అన్నారు. వాటికి ఎండ ఒక్కటే కారణమని నేను అనను. ఆ ఏడాది జరిగిన ప్రమాదాలపై విచారణల్లో బ్యాటరీల తయారీ లోపాలు బయటపడ్డాయి. ఆ తర్వాతే కేంద్రం బ్యాటరీ బండ్ల భద్రతకు సంబంధించిన ఏఐఎస్ 156 నిబంధనలను కఠినం చేసింది. 2022 డిసెంబర్ 1 నుంచి మొదటి దశ, 2023 మార్చి 31 నుంచి రెండో దశ అమలులోకి వచ్చాయి. లోపల వేడి మితిమీరితే బండి శబ్దంతో, లైటుతో ముందే హెచ్చరించాలన్నది వాటిలో ఒకటి. మంచి నిబంధన. కానీ ఆ హెచ్చరిక మోగితే ఏం చేయాలో తెలుగులో రాసిన కాగితం ఒక్కటి కూడా నాకు ఇవ్వలేదు. మాన్యువల్ మొత్తం ఇంగ్లిష్‌లోనే ఉంది. కిరాణా సరుకు చేరవేసే కుర్రాళ్ళు, పాల వ్యాపారులు, ఆశా కార్యకర్తలు కూడా ఈ బండ్లు కొంటున్నారు. వాళ్ళకు అది ఎవరు చదివి చెప్పాలి?

తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబర్‌లో ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మినహాయించింది. 2026 డిసెంబర్ 31 వరకు ఆ మినహాయింపు ఉందని ప్రకటించింది. దానివల్ల నాలాంటి వాళ్ళకు మేలు జరిగింది, ఆ మాట మనస్ఫూర్తిగా చెప్తున్నాను. అయితే బండి కొనే రోజు ఇచ్చే రాయితీ ఒక్కరోజుది. ఆ బండి ఏడెనిమిదేళ్ళు ఎండలో నిలబడాలి. ధరలో పెద్ద వాటా బ్యాటరీదే. వారంటీ అయ్యాక అది ముందే దెబ్బతింటే మార్చడానికి నాలాంటివాడు మళ్ళీ అప్పు చేయాలి.

మన రాష్ట్రంలోనే 2023లో అప్పటి ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ఇళ్ళ పైకప్పులకు తెల్ల పూత వేస్తే లోపల చల్లగా ఉంటుందని చెప్పింది. అదే ఆలోచనను పార్కింగ్ షెడ్లకు ఎందుకు తీసుకురాకూడదు? ఉత్త ఇనుపరేకు వేస్తే అది కాలి కిందికి సెగ కొడుతుంది. దానికి తెల్ల పూత వేసి, కాస్త ఎత్తుగా కట్టి, నాలుగు వైపులా గాలి ఆడనిస్తే చాలు. పైన సోలార్ పలకలు పెడితే నీడా వస్తుంది, కరెంటూ వస్తుంది. అంత డబ్బు లేని చోట చెట్లు నాటండి. హరితహారంలో మన రోడ్ల పక్కన ఎన్నో మొక్కలు పెట్టారు కానీ పార్కింగ్ స్థలాల్లో కానుగ, వేప కనిపించడం తక్కువ. మా పెద్దవాళ్ళు బావి దగ్గర, బండ్లు ఆగే చోట కానుగ పెంచింది ఎద్దుల కోసం. ఇప్పుడు బ్యాటరీ బండికీ అదే నీడ కావాలి.

నేను అడిగేవి ప్రభుత్వం తలుచుకుంటే ఈ ఎండాకాలం వచ్చేలోపే మొదలుపెట్టగలిగినవి. కొత్తగా ఛార్జింగ్ పాయింట్‌కు అనుమతి ఇచ్చేటప్పుడు పైన నీడ ఉండాలని షరతు పెట్టండి. ఆసుపత్రులు, కలెక్టరేట్లు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలో పార్కింగ్ ఫీజు వసూలు చేసే కాంట్రాక్టులో షెడ్డు కట్టే బాధ్యత కూడా రాయండి. గంటల లెక్కన డబ్బు తీసుకుంటున్నప్పుడు నీడ ఇవ్వడం న్యాయం కదా. బండి అమ్మేటప్పుడు ఛార్జింగ్ వేడి హద్దు, హెచ్చరిక వస్తే చేయాల్సిన పనులు ఒక పేజీలో తెలుగులో రాసి ఇవ్వాలని రవాణా శాఖ డీలర్లందరినీ ఆదేశించాలి.

కంపెనీలకు కూడా ఒక విన్నపం. ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం సెల్స్ వేడిని బాగా తట్టుకుంటాయి, కానీ అంతే కరెంటు నిల్వకు బరువెక్కువ. ఏ బండిలో ఏ రకం సెల్స్ ఉన్నాయో షోరూమ్‌లో అడిగితే చాలాచోట్ల చెప్పలేకపోతున్నారు. మైలేజీ రాసినంత పెద్ద అక్షరాల్లో అది కూడా రాయండి. ఊటీ చలిలో తిరిగే బండికీ, రోహిణి కార్తెలో భద్రాచలం రోడ్డు మీద తిరిగే బండికీ ఒకే బ్యాటరీ సరిపోతుందో లేదో కొనేవాడే తేల్చుకుంటాడు.

నేను కిందటి వారం ఆ ఆసుపత్రి పార్కింగ్‌లో లెక్కపెడితే బ్యాటరీ బండ్లు పదకొండు ఉన్నాయి. కానుగ చెట్టు కింద మూడే పడతాయి. ఇప్పుడు ఆ మూడు చోట్ల కోసం పొద్దున ఏడింటికే వచ్చి పెట్టుకోవాల్సి వస్తోంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
కొత్తగూడెం