అడ్డగాలిలో దిగే విమానాలపై ఆ శీర్షికలు వద్దు

సంపాదకులకు నమస్కారం.

పెనుగాలులు వీచిన రోజున పెద్ద విమానాలు ముక్కు పక్కకు తిప్పుకొని, ఊగుతూ రన్‌వే మీదికి వచ్చే దృశ్యాలను ‘త్రుటిలో తప్పిన పెను ప్రమాదం’ అనే శీర్షికతో చూపడం మన పత్రికలకు, టీవీ చానళ్లకు పరిపాటి అయిపోయింది. వాటిలో చాలావరకు మనం చూస్తున్నది ప్రమాదాన్ని కాదు, ఏళ్ల తరబడి సాధన చేస్తే తప్ప అబ్బని పనితనాన్ని.

ముక్కు పక్కకు తిరిగి ఉండటం విమానం అదుపు తప్పిందనడానికి గుర్తు కాదు. 140 నాట్ల వేగంతో, అంటే గంటకు సుమారు 260 కిలోమీటర్ల వేగంతో దిగుతున్న విమానానికి పక్క నుంచి 30 నాట్ల గాలి తగులుతుంటే, అది రన్‌వే మధ్యగీతకు సూటిగా సాగాలంటే ముక్కును గాలి వచ్చే వైపు దాదాపు 12 డిగ్రీలు తిప్పి ఉంచక తప్పదు. పొడవైన విమానాల్లో మరో చిక్కు ఉంది. పైలట్ కూర్చునే చోటు ప్రధాన చక్రాలకు 30 మీటర్లకు పైగా ముందు ఉండవచ్చు కాబట్టి, ముక్కు 10 డిగ్రీలు తిరిగి ఉన్నా చాలు, చక్రాలు మధ్యగీత మీదుగా వస్తున్నప్పుడు పైలట్ మాత్రం ఆ గీతకు అయిదు మీటర్లు పక్కన ఉంటాడు. తన కళ్లకు కనిపించే దాన్ని కాక, వెనుక ఎక్కడో ఉన్న చక్రాలను మనసులో పెట్టుకొని అతడు విమానాన్ని నడపాలి.

అసలు పని చివరి కొద్ది సెకన్లలో ఉంటుంది. గాలి ఎడమ నుంచి వీస్తోందనుకుందాం. నేల దగ్గరపడగానే పైలట్ తోకకు ఉండే రడ్డర్‌ను (ముక్కును పక్కకు తిప్పే చుక్కానిని) కదిపే కుడి పెడల్ నొక్కి ముక్కును రన్‌వేకు సూటిగా తెస్తాడు. ఆ మలుపులో ఎడమ రెక్క ముందుకు కదిలి పైకి లేవబోతుంది, దాని కిందికి గాలి కూడా చొరబడుతుంది. అందుకే అదే క్షణంలో ఎడమ రెక్కను కొద్దిగా దించి పట్టుకోవాలి. ఎక్కువ దించితే రెక్క కింద వేలాడే ఇంజిను నేలకు రాసుకుంటుంది, తక్కువ దించితే విమానం కుడివైపు కొట్టుకుపోతుంది. చక్రాలు నేలను తాకినంత మాత్రాన పని పూర్తి కాదు. నిలువుగా ఉన్న తోకను గాలి నెట్టడం వల్ల ముక్కు మళ్లీ గాలి వైపు తిరగజూస్తుంది. తడి రన్‌వే మీద ఆ స్థితిలో ఇంజిన్లను రివర్స్‌లో పెడితే, అంటే వేగం తగ్గించడానికి వాటి బలాన్ని ముందుకు మళ్లిస్తే, ఆ బలమే విమానాన్ని పక్కకు లాగుతుంది. అప్పుడు రివర్స్ తగ్గించి, బ్రేకులు వదిలి, ముందు దారి సరిచేసుకోవాలి. వేగం తగ్గించుకోవాలన్న ఆత్రుతను అణచుకుని చేయాల్సిన ఈ పని నాకు అన్నిటికంటే కష్టమైనదిగా తోస్తుంది.

ఇదంతా ఆటోపైలట్ చూసుకుంటుందనే నమ్మకం కూడా సరికాదు. చాలా రకాల విమానాల్లో ఆటోపైలట్‌తో దిగడానికి అనుమతించే అడ్డగాలి పరిమితి, పైలట్ చేతులతో దింపేటప్పటి పరిమితి కంటే తక్కువ.

నన్ను ఎక్కువ బాధపెట్టేది గో-అరౌండ్ గురించి వచ్చే రాతలు. దిగే ప్రయత్నం కుదరలేదని తెలిసి మళ్లీ పైకి లేపడాన్ని ‘విఫలయత్నం’ అని రాస్తున్నారు. 2008 మార్చి 1న జర్మనీలోని హాంబర్గ్‌లో తుపాను గాలుల్లో దిగుతున్న ఎయిర్‌బస్ 320 ఎడమ రెక్క అంచు రన్‌వేకు తగిలింది. పైలట్లు వెంటనే గో-అరౌండ్ చేసి, తరువాత క్షేమంగా దిగారు, ఎవరికీ గాయాలు కాలేదు. ఒకవైపు చక్రం నేలను తాకగానే రెక్కలను అదుపు చేసే శక్తి తగ్గేలా ఆ విమాన వ్యవస్థ పనిచేస్తుందని, ఆ సంగతి పైలట్లకు తెలియదని దర్యాప్తులో తేలింది. దృశ్యం చూసి పైలట్‌ను నిందించడం ఎంత తొందరపాటో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

గో-అరౌండ్‌ను వైఫల్యంగా చిత్రించే రాతల వల్ల ప్రయాణికుల్లో అకారణ భయం పెరుగుతుంది. ఎలాగైనా దించి తీరాలనే ఒత్తిడిని కూడా అవి పైలట్ల మీద పెంచుతాయి, అది నిజంగానే ప్రమాదకరం. కాబట్టి ఇలాంటి వార్త వచ్చినప్పుడు అనుభవమున్న పైలట్‌ను సంప్రదించి, ఆనాటి గాలి వేగం, దిశ, రన్‌వే తడిగా ఉన్నదీ లేనిదీ చెబుతూ, పైలట్ ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నాడో రెండు వాక్యాలైనా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు