ఫిబ్రవరి సముద్రం ట్రిప్: రూటు, రోజులు, రేటు అన్నీ మారాయి

అన్నలకు, అక్కలకు, తమ్ముళ్లకు నమస్కారం.

మన బైక్ షెడ్డుకు సర్వీసింగ్‌కు వచ్చేవాళ్లలో చాలామంది “న్యూ ఇయర్‌కు గోవా ఉందా అన్నా?” అని అడుగుతున్నారు. అందరికీ ఇక్కడే చెప్తున్నాను. డిసెంబర్ చివర్లో మనం అనంతపురం నుంచి గోవాకు బండ్లు తీయడం లేదు. ఫిబ్రవరి మొదటి వారంలో, గోకర్ణంలో శివరాత్రి జనం మొదలయ్యే లోపలే, కర్ణాటక తీరంలోని గోకర్ణం, మురుడేశ్వర్ వైపు పోతున్నాం. నాలుగు రోజుల ట్రిప్పును ఆరు రోజులు చేశాం. రేటు కూడా పెంచాల్సి వచ్చింది. ఎందుకో చెప్తాను, చదివాకే పేరు ఇవ్వండి.

గోవా బాగుండదని కాదు. ఆ పది రోజులు అక్కడ రూము రేట్లు మన చేతిలో ఉండవు. పోయినేడు ఒక లాడ్జి వాళ్లు అడ్వాన్స్ తీసుకుని, మనం చేరేసరికి మన రూములు వేరేవాళ్లకు ఇచ్చేశారు. రోజంతా బండి తోలి వచ్చిన మనుషులను రాత్రిపూట రోడ్డు మీద నిలబెట్టడం నాకు ఇష్టం లేదు. పైగా ఆ రోజుల్లో అక్కడ రాత్రి ట్రాఫిక్‌లో తాగి నడిపేవాళ్లు ఎక్కువ.

గోవానే కావాలంటే ఒక దారి ఉంది. గుంతకల్లు, బళ్ళారి, హుబ్బళ్ళి మీదుగా వాస్కో పోయే రైలు ఉంది, రోజూ ఉండదు కాబట్టి ముందే చూసుకోండి. దూద్‌సాగర్ జలపాతం రైల్లోంచే కనబడుతుంది. వాస్కోలో దిగి బండి అద్దెకు తీసుకోండి, కానీ నంబర్ ప్లేట్ చూడండి. నల్ల ప్లేట్ మీద పసుపు అక్షరాలుంటేనే అద్దెకు ఇచ్చే బండి. తెల్ల ప్లేట్ సొంత బండిని అద్దెకు తీసుకుంటే, యాక్సిడెంట్ అయిన రోజు ఇన్సూరెన్స్ దగ్గర ఇరుక్కునేది మీరే. నడుము నొప్పి ఉన్నవాళ్లకు నేనైతే ఈ రైలు దారే చెప్తాను.

ఇక మన రూటు. అనంతపురం నుంచి ఉరవకొండ, విడపనకల్లు, బళ్ళారి, హోసపేట, గదగ్ మీదుగా మొదటి రాత్రికి హుబ్బళ్ళి. దాదాపు 300 కిలోమీటర్లు. “హుబ్బళ్ళిలో ఆగడం ఎందుకు, ఒకే దెబ్బకు గోకర్ణం పోదాం” అని కుర్రాళ్లు పట్టుబడుతున్నారు. మొత్తం 460 కిలోమీటర్లు, లెక్కకు పెద్ద కష్టం అనిపించదు. కానీ ఆ దూరంలో చివరి భాగమే కష్టమైంది. హుబ్బళ్ళి దాటాక యల్లాపుర వస్తుంది, అక్కడి నుంచి అంకోలా దిగేటప్పుడు అరబైలు ఘాట్. పొద్దున బయల్దేరినవాళ్లు అక్కడికి చేరేసరికి చీకటి పడుతుంది. ఒళ్ళు అలిసిపోయి ఉంటుంది. మలుపుల్లో ఎదురుగా లోడు లారీలు, కింద లోయ. మనం ఎక్కువగా తిరిగేది కదిరి, గుత్తి, తాడిపత్రి రోడ్ల మీద. అలాంటి ఘాట్ మనకు రోజూ అలవాటైన రోడ్డు కాదు. అందుకే హుబ్బళ్ళిలో బాగా నిద్రపోయి, టిఫిన్ తిని, పగటి వెలుగులో ఘాట్ దిగుదాం. ఏ గేరులో ఎక్కే రోడ్డో ఆ గేరులోనే దిగాలి. న్యూట్రల్ వేసి జార్చడం, గంటసేపు బ్రేకు తొక్కి పట్టుకోవడం, రెండూ వద్దు. ఈ విషయంలో ఎవరు బతిమాలినా నేను ఒప్పుకోను.

రెండో రోజు మధ్యాహ్నానికి గోకర్ణం. మూడో రోజు బండ్లు అసలు తీయం. గుడి, ఓం బీచ్, కుడ్లె బీచ్, ఎవరి ఇష్టం వాళ్లది. తర్వాత 66వ నంబర్ హైవే మీద కుమటా, హొన్నావర మీదుగా మురుడేశ్వర్. అక్కడ సామాను పెట్టి మరవంతె పోయి వస్తాం. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క సౌపర్ణికా నది, మధ్యలో మన రోడ్డు. సంవత్సరమంతా ఎండిన పెన్నను చూసే మనకు, రెండు వైపులా నీళ్లున్న రోడ్డు మీద బండి నడపడం చాలా పెద్ద సంతోషం. ఈ ట్రిప్ పెట్టడానికి నాకు అదే మొదటి కారణం.

ఐదో రోజు హొన్నావర నుంచి జోగ్ మీదుగా శివమొగ్గ. జోగ్ గురించి ముందే చెప్పాలి. పైన లింగనమక్కి డ్యాం ఉంది, ఫిబ్రవరికి ధారలు సన్నబడి ఉంటాయి. ఫొటోల్లో చూసే ఆ నీళ్లు వానాకాలానివి. ఆరో రోజు చిత్రదుర్గ, చళ్ళకెరె, రాయదుర్గం, కళ్యాణదుర్గం మీదుగా ఇంటికి. మొత్తం 1,100 కిలోమీటర్ల చిల్లర.

“మరి జూలైలోనే పోదాం కదా” అంటారు. పోము. మన జిల్లాలో ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్ల వాన. ఆ తీరంలో 3,000 దాటుతుంది. 2024 జూలైలో అంకోలా దగ్గర శిరూరులో కొండచరియ ఇదే 66వ హైవే మీద విరిగిపడి మనుషులు చనిపోయారు. మరుసటి నెల కార్వార్ దగ్గర కాళీ నది మీది పాత వంతెన కూలింది. వానల్లో ఆ రోడ్డు మీదికి నేను ఎవరినీ తీసుకుపోలేను.

సముద్రం విషయంలోనూ అంతే. 2024 డిసెంబర్‌లో మురుడేశ్వర్‌లో విహారానికి వచ్చిన కోలారు జిల్లా స్కూలు పిల్లలు నలుగురు మునిగి చనిపోయారు. లైఫ్‌గార్డు ఉన్నచోటే, మోకాలి లోతు వరకే. ఈత వచ్చినవాళ్లకూ ఇదే మాట.

రేటు మనిషికి 12,900. పోయినసారికంటే 2,300 ఎక్కువ. రెండు రాత్రుల రూములు పెరిగాయి. ఈసారి వెనకాల వ్యాను, అందులో మెకానిక్, ట్యూబులు, క్లచ్ కేబుళ్లు, బ్రేక్ షూలు, ప్యాడ్లు ఉంటాయి. అన్నీ పోను నాకు మిగిలేది మనిషికి 1,100 దాకా. పెట్రోలు, మధ్యాహ్నం, రాత్రి భోజనాలు మీవే. లీటరుకు 35 వచ్చే బండికి 32 లీటర్లు అనుకోండి. భోజనానికి లావు బియ్యం అన్నం, కొబ్బరి, చేపలు బాగా దొరుకుతాయి, మన కారం దొరకదు. పచ్చడి వ్యానులో పెట్టుకోవచ్చు.

బండ్లు పదికి మించి తీసుకోను. పన్నెండేళ్ల లోపు పిల్లలను బండి మీద తీసుకోను, ఇది కొందరికి బాధ కలిగిస్తుందని తెలుసు. ఆడవాళ్లు సొంతంగా బండి నడుపుతూ వస్తే సంతోషం, రూములు విడిగా తీసుకున్నాం. వెనక కూర్చునేవాళ్లకూ హెల్మెట్ తప్పనిసరి, కర్ణాటకలో ఊరికే వదలరు. ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాగితాలు గడువులో ఉండాలి.

బీచ్ ఇసుకలోకి బండి దింపకండి. ఉప్పు గాలికే చైన్ తుప్పు పడుతుంది, ఉప్పు నీళ్లు తగిలితే బేరింగులు, వైరింగ్ కూడా పోతాయి. తిరిగొచ్చాక వాటర్ సర్వీస్, చైన్ లూబ్ మన షెడ్డు ఖర్చే.

అడ్వాన్స్ 3,000. పదిహేను రోజుల ముందు రాలేమని చెప్తే మొత్తం వాపసు. ఆ తర్వాత చెప్తే, మీ జాగాలో ఇంకొకరు దొరికితేనే ఇవ్వగలను. పేరు ఇచ్చినవాళ్లు జనవరి నెలాఖరులోపు బండి షెడ్డుకు తెండి. టైర్లు, బ్రేకులు, చైన్ స్ప్రాకెట్ చూసి, మార్చాల్సినవి ఉంటే మీకు చూపించాకే మారుస్తాం. వచ్చేటప్పుడు బండి రెండో తాళం కూడా తీసుకురండి, అది వ్యానులో ఉంచుతాం.