ఆరోగ్యశాఖ సంచాలకుల వారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన సంచాలకుల వారికి నమస్కారం.

మా పిల్లల వార్డుకు మెడికల్ సోషల్ వర్కర్, అంటే రోగి కుటుంబంతో మాట్లాడి వాళ్ల ఇబ్బందులు తెలుసుకుని సాయపడే ఉద్యోగి, లేక ఏడాది దాటింది. మూడు వినతిపత్రాలు ఇచ్చాం, ఒక్కదానికీ జవాబు లేదు. అందుకే నలుగురి ముందూ రాస్తున్నాను.

మొన్నామధ్య ఒక తల్లి డిశ్చార్జి అయ్యాక కూడా సాయంత్రం దాకా బెంచీ మీదే కూర్చుంది. చేతిలో మందుల చీటీ తలకిందులుగా ఉంది. ఆమెకు చదువు రాదని అప్పటిదాకా మాలో ఎవరికీ తెలియదు. ఇంటికి వెళ్లడానికి ఎందుకు భయపడుతోందో అడిగే తీరిక కూడా ఎవరికీ లేకపోయింది. పది రోజులకు బిడ్డ మళ్లీ అదే మంచం మీదికి వచ్చాడు. ఆ పిల్లవాడి ముఖం నన్ను వదలడం లేదు.

ఈ పని కూడా నర్సులే చూసుకోవాలని కొందరంటున్నారు. నేనూ నర్సునే. ఇంజెక్షన్ల మధ్య ఒక కుటుంబం కష్టం వినడం సాధ్యం కాదండీ. లండన్‌లోని రాయల్ ఫ్రీ హాస్పిటల్ 1895లోనే మేరీ స్టూవర్ట్‌ను ఇలాంటి పనికి నియమించింది. 1905లో అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో డాక్టర్ రిచర్డ్ క్యాబట్ ఈ సేవ మొదలుపెట్టారు. రోగి ఇంటి పరిస్థితి తెలియకపోతే వైద్యం సగమేనని ఆయన గ్రహించారు.

నెల రోజుల్లో ఈ ఖాళీ భర్తీ చేయండి. డిశ్చార్జికి ముందు కుటుంబంతో మాట్లాడి, ఆ వివరాలు కేస్ షీట్‌లో రాయడం తప్పనిసరి చేయండి. మీ నిర్ణయాన్ని రాతపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
పిల్లల వార్డు నర్సు