వ్యూఫైండర్ లేని కెమెరా మా వయసువాళ్లకు కెమెరా కాదు

సంపాదకుల గారికి నమస్కారం.

మొన్న ఆగస్టు 19న, ఫొటోగ్రఫీ దినోత్సవం నాడు మీ పత్రికలో కొత్త కెమెరాల మీద వేసిన పేజీ మొత్తం చదివాను. మంచి విషయాలే రాశారు. కానీ 'వెనకాల అంత పెద్ద స్క్రీన్ ఉండగా వ్యూఫైండర్ కోసం డబ్బులు పెట్టడం దండగ' అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. వ్యూఫైండర్ అంటే కెమెరాకు కన్ను ఆనించి చూసే చిన్న కిటికీ. అది పాతికేళ్ల కుర్రాళ్లకు సరిపోతుందేమో, నాకు 58. తిరుపతిలో ముప్పై ఏళ్లకు పైగా పెళ్లిళ్లు, సీమంతాలు, జాతరలు తీసి బతుకుతున్నవాణ్ణి. నలభై దాటిన ఫొటోగ్రాఫర్లు మన జిల్లాలో చాలామంది ఉన్నారు, మీ పేజీ చూసి కెమెరా కొనేవాళ్లూ ఉంటారు. వాళ్ల కోసమే ఈ ఉత్తరం.

పోయినేడాది మా అబ్బాయి నా కోసం ఒక చిన్న మిర్రర్‌లెస్ కెమెరా కొనుక్కొచ్చాడు, లోపల అద్దం లేని రకం. "నాయనా, ఆ ఇటుకరాయి ఇంక మొయ్యొద్దు, ఇది చూడు ఎంత తేలికో" అన్నాడు. ప్రేమతో తెచ్చిన వస్తువు, నేనూ సంబరపడ్డాను. దానికి వ్యూఫైండర్ లేదు, అంతా వెనక స్క్రీన్ మీదే చూడాలి. మే నెలలో గంగమ్మ జాతరకు అదే పట్టుకుపోయాను. పదకొండు గంటల ఎండ. ఒంటినిండా తెల్లటి నామంసుద్ద పూసుకుని బైరాగి వేషం కట్టిన పిల్లాడు, ఐదారేళ్లుంటాయి, వాళ్ల తాత భుజమ్మీద కూర్చుని నా వైపే చూస్తున్నాడు. కెమెరా ఎత్తితే స్క్రీన్‌లో నా చొక్కా, నా వెనకున్న ఆకాశం కనబడుతున్నాయి తప్ప పిల్లాడి మొహం కనబడలేదు. చేత్తో నీడ పట్టి, జేబులోంచి దగ్గరి చూపు అద్దాలు తీసి పెట్టుకునే లోపల తాతా మనవడూ గుంపులో కలిసిపోయారు.

జాతర ఫొటో పోతే నా ఒక్కడి బాధే. పెళ్లి అలా కాదు. ఆ తర్వాతి నెలలో తిరుచానూరులో తెల్లవారుజాము ముహూర్తం ఒకటి ఒప్పుకున్నాను. తాళి కట్టేటప్పుడు పెళ్లికొడుకు వంగి రెండో ముడి వేస్తుంటే స్క్రీన్‌లో చూసి నొక్కాను, బాగానే వచ్చిందనుకున్నాను. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో పెద్దది చేస్తే పెళ్లికొడుకు వేళ్లూ, పసుపుతాడూ మసక. వాళ్ల వెనక నాదస్వరం గొట్టం అంచు మాత్రం గీత గీసినట్టు స్పష్టంగా ఉంది. ఫోకస్ వెనక్కి పోయిందని ఆ క్షణంలో నా కంటికి తెలిసి ఉంటే అక్కడికక్కడే మార్చుకుని మూడో ముడి అయినా పట్టుకునేవాణ్ణి. పెళ్లివాళ్లు ఏమీ అనలేదు, అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నలభై దాటినవాళ్లకు చత్వారం గురించి చెప్పనక్కర్లేదు. కంటి లోపలి లెన్స్‌కు వయసుతో మెత్తదనం తగ్గి, దగ్గరి వస్తువు కోసం ఉబ్బలేకపోతుంది, అందుకే పేపర్‌ను చేయి చాచి చదువుతాం. నాకు దూరం చూపు బాగానే ఉంది, దగ్గరికి +2.25 అద్దాలు. కెమెరా వెనక స్క్రీన్‌ను 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకున్నామంటే కన్ను 2.5 డయాప్టర్ల (అద్దాల పవర్ కొలిచే లెక్క) మేర దగ్గరికి సర్దుకోవాలి. నా కన్ను ఆ పని చెయ్యలేదు. వ్యూఫైండర్ కంటికి ఆనుకునే ఉంటుంది కదా, ఇంకా దగ్గర కదా అనుకుంటారు చాలామంది. కానీ అందులో ఉండే చిన్న లెన్స్ బొమ్మను దాదాపు మీటరు దూరంలో ఉన్నట్టు చూపిస్తుంది. మీటరు దూరానికి కంటికి కావలసింది 1 డయాప్టరే. ఆ ఒక్కటీ వ్యూఫైండర్ పక్కనుండే, దాని పవర్ మార్చే డయాప్టర్ చక్రాన్ని కాస్త తిప్పితే వచ్చేస్తుంది. అంటే జోడు లేకుండానే పెళ్లిమండపం చూడొచ్చు, అదే కంటితో వ్యూఫైండర్‌లో బొమ్మా చూడొచ్చు.

అద్దాలు పెట్టుకునే స్క్రీన్ చూడొచ్చు కదా అని మా అబ్బాయీ అడిగాడు. దగ్గరి అద్దాలు పెట్టుకుంటే నాలుగు గజాల అవతల పెళ్లికూతురు మసక, తీసేస్తే స్క్రీన్ మసక. ముహూర్తం టైములో పెట్టడం, తియ్యడం ఎన్నిసార్లని? ప్రోగ్రెసివ్ అద్దాలు (దూరం, దగ్గర చూపు ఒకే అద్దంలో ఉండేవి) వాడేవాళ్లకు ఇంకో బాధ, చదివే పవర్ అద్దంలో కింది భాగాన ఉంటుంది కాబట్టి కళ్లెదురుగా పట్టుకున్న స్క్రీన్ చూడాలంటే గడ్డం పైకెత్తాలి. మూడు గంటలు అలా నిలబడి చూడండి, మెడ పరిస్థితి ఏమవుతుందో తెలుస్తుంది. దీనికి తోడు వయసుతో చేతులు కాస్త వణుకుతాయి. కెమెరా కనుబొమకు ఆనితే రెండు చేతులూ, నుదురూ కలిపి మూడు చోట్ల పట్టు దొరుకుతుంది, చేతులు చాచి పట్టుకుంటే ఆ మూడో పట్టు ఉండదు. మండపంలో లైటు తక్కువగా ఉన్నప్పుడు ఈ తేడా ఫొటోలో కనబడిపోతుంది.

నాకు పని నేర్పిన మా గురువుగారికి అప్పటికే అరవై దాటాయి. సోడాబుడ్డి అద్దాలు. ఆయన దగ్గర యాషికా మ్యాట్ 124జీ ఉండేది, పైనుంచి తల వంచి చూసే కెమెరా. పై మూత తెరిచి ఒక చిన్న రేకు నొక్కితే భూతద్దం టక్కున పైకి లేచేది. ఆయన దానికి కన్ను ఆనించి పెళ్లికూతురి కనురెప్పల మీద ఫోకస్ పెట్టేవారు, ఒక్క ఫ్రేమ్ తప్పేది కాదు. 1970లో వచ్చిన కెమెరా అది. 1982లో నికాన్ వాళ్లు ఎఫ్3 కెమెరాకు హెచ్‌పీ అని ఒక వ్యూఫైండర్ తెచ్చారు, కన్ను 25 మిల్లీమీటర్లు వెనక ఉన్నా ఫ్రేమ్ అంతా కనబడేది, కళ్లజోడు ఉన్నవాళ్లు జోడు తియ్యకుండానే చూసుకునేవాళ్లు. కంటి గురించి అంత ఆలోచించి కెమెరాలు చేసిన రోజులున్నాయి కాబట్టే ఇప్పుడు వ్యూఫైండర్ దండగ అంటే నాకు కష్టంగా ఉంది.

ఇంకో సంగతి చెప్పాలి. మా స్టూడియోకు వచ్చే పెద్దాయన ఒకరున్నారు, బ్యాంకులో రిటైరయ్యారు, కల్యాణి డ్యామ్ వైపు, తలకోన వైపు పోయి పిట్టల ఫొటోలు తీస్తుంటారు. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ చేయించుకున్నారు. కోలుకుని కెమెరా పట్టుకుంటే లోపల అంతా మసక. రిపేరు షాపుకు తీసుకుపోతే లెన్స్‌లో ఫంగస్ పట్టింది, నాలుగు వేలవుతుంది అన్నారట. ఇంక ఈ సరదా చాల్లే అని కెమెరా అమ్మిపెట్టమని నా దగ్గరికి తెచ్చారు. కార్డులో ఫొటోలు చూస్తే శుభ్రంగా ఉన్నాయి. లెన్స్‌లో ఫంగసే ఉంటే ఫొటో కూడా పాడవ్వాలి కదా. అడిగితే తెలిసింది, ఆపరేషన్‌కు ముందు ఆయనకు మైనస్ పవర్ ఎక్కువ, జోడు తీసేసి డయాప్టర్ చక్రాన్ని మైనస్ చివరికి తిప్పి వాడేవారు. ఏళ్ల తరబడి అది అక్కడే ఉంది. ఆపరేషన్‌లో లోపల పెట్టిన లెన్స్‌తో దూరం చూపు సరిగ్గా వచ్చేసింది, చక్రం మాత్రం పాత కంటి లెక్కలోనే ఉండిపోయింది. కెమెరా ఆయన కంటి దగ్గరే ఉంచి, లోపల కింద కనిపించే అంకెలు చూస్తుండమని చెప్పి నేను చక్రం తిప్పుతూ పోయాను. "ఆగు ఆగు" అన్నారు. ఎదురు మేడ మీద నీళ్లట్యాంకు అంచున గోరింక ఒకటి కూర్చుని ఉంటే దాని వైపు తిప్పారు. "దాని కంటి చుట్టూ పసుపు కూడా కనబడుతోంది, ఇంతేనా స్వామీ?" అన్నారు. కెమెరా అమ్మలేదు.

ఆ చక్రం ఉందనే చాలామందికి తెలియదు. సరిచేసుకోవడం ఒక్క నిమిషం పని: కెమెరాను ఆకాశం వైపో తెల్లగోడ వైపో పెట్టి, ఎదురుగా ఉన్న వస్తువును కాకుండా వ్యూఫైండర్ లోపలి అంకెలనే చూస్తూ, అవి పదునుగా కనబడేదాకా తిప్పాలి. బ్యాగులో రాపిడికి కూడా అది జరిగిపోతుంటుంది, కాబట్టి కెమెరా పోయిందని బెంగపడే ముందు ఒకసారి చూసుకోండి. కంటికి సిలిండర్ పవర్ (కంటి వంపు అన్ని వైపులా ఒకేలా లేకపోతే ఇచ్చేది) ఉన్నవాళ్లకు మాత్రం చక్రం ఒక్కటే చాలదు, జోడు పెట్టుకునే చూడాలి. అప్పుడు కన్ను వెనక్కి జరుగుతుంది కాబట్టి ఐపాయింట్, అంటే కన్ను ఎంత వెనక ఉన్నా ఫ్రేమ్ అంతా కనబడుతుందో ఆ దూరం, 20 మిల్లీమీటర్లైనా ఉంటేనే మూలలు కనబడతాయి. చక్రం ఎంతదాకా తిరుగుతుందన్నదీ చూడాలి. లోపల అద్దం ఉండే చవక డీఎస్‌ఎల్‌ఆర్‌లలో అది తక్కువ. కెనాన్ 1500డీలో -2.5 నుంచి +0.5 వరకే, నికాన్ డీ3500లో -1.7 నుంచి +0.5 వరకే. అదే నికాన్ జడ్6లో -4 నుంచి +2 దాకా ఉంటుంది. ప్లస్ పవర్ ఉన్న పేద ఫొటోగ్రాఫర్‌కు చవక కెమెరాలో చోటు లేకపోవడం అన్యాయం, కంపెనీలు దీని గురించి ఆలోచించాలి.

స్క్రీన్ వద్దని నేను అనడం లేదు. జాతర గుంపులో తలల పైకి కెమెరా ఎత్తాలన్నా, నేలమీద ముగ్గు తీయాలన్నా తిరిగే స్క్రీన్‌ను మించింది లేదు. 2021లో వచ్చిన సోనీ జడ్‌వీ-ఈ10, 2022లో వచ్చిన నికాన్ జడ్30 లాంటివి వీడియోలు తీసుకునేవాళ్ల కోసం చేసినవి, వాటిలో వ్యూఫైండర్ లేదు, వాళ్లకది అక్కర్లేదు కూడా. మిర్రర్‌లెస్‌లలో వ్యూఫైండర్ ఉన్నవి మాత్రం మాలాంటివాళ్లకు వరం. లోపలే బొమ్మను పెద్దది చేసి ఫోకస్ చూసుకోవచ్చు, తీసిన ఫొటో, మెనూ అక్షరాలు కూడా లోపలే చదువుకోవచ్చు. పాత డీఎస్‌ఎల్‌ఆర్‌లో మెనూ కోసం అద్దాలు వెతుక్కోక తప్పేది కాదు. నేను ఈ దీపావళికి అలాంటిది సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటున్నాను, మా అబ్బాయి తెచ్చిన కెమెరా వాడి వీడియోలకు వాడే ఉంచుకుంటానన్నాడు.

ఇక మీకు నా మనవి. ఇకమీదట కెమెరా గురించి రాసినప్పుడు ధర, మెగాపిక్సెళ్లతో పాటు వ్యూఫైండర్ ఉందా లేదా, డయాప్టర్ ఎంత నుంచి ఎంత, ఐపాయింట్ ఎన్ని మిల్లీమీటర్లు అన్న మూడు ముక్కలు కూడా వెయ్యండి. కంపెనీలు ఇచ్చే వివరాల్లో ఇవన్నీ ఉంటాయి. షాపుల వాళ్లు కూడా పెద్దవాళ్లు వచ్చినప్పుడు కెమెరాను ఏసీ గదిలో చూపించి పంపకుండా, వాళ్ల జోడుతోనే ఒకసారి బయట ఎండలోకి తీసుకుపోయి కన్ను ఆనించి చూడనివ్వాలి.

ఇట్లు,
ఒక స్టూడియో ఫొటోగ్రాఫర్,
తిరుపతి.