పొగబెట్టిన పంది భుజం: ఇకపై చివరి నాలుగైదు గంటలు ఓవెన్‌లో

మా దగ్గర పొగబెట్టిన పంది మాంసం కొనే వారందరికీ ఒక మార్పు గురించి ముందుగానే తెలియజేస్తున్నాము. వచ్చే వారం నుంచి పంది భుజం ముక్కలు మొదటి ఏడెనిమిది గంటలు ఎప్పటిలాగే సిరామిక్ పొయ్యిలో, బొగ్గు మీద, కట్టెల పొగలో మగ్గుతాయి. ఆ తరువాత వాటిని కాగితంలో గట్టిగా చుట్టి, మిగిలిన నాలుగైదు గంటల వంటను ఎలక్ట్రిక్ ఓవెన్‌లో పూర్తి చేస్తాము. "పూర్తిగా బొగ్గు మీదే వండినది" అని ఇంతవరకు ప్యాకెట్ల మీద ఉన్న మాటను తొలగిస్తున్నాము. కొత్త లేబుల్ మీద "బొగ్గుపై పొగబెట్టి, ఓవెన్‌లో ముగించినది" అని ఉంటుంది. తినేవారికి తేడా తెలియనప్పుడు ఈ సంగతి చెప్పుకోవడం ఎందుకని మా వంటగదిలోనే ఒక వాదన వచ్చింది. డబ్బిచ్చి కొనేవారికి తాము కొంటున్నది ఎలా తయారైందో తెలిసి ఉండాలన్నది నా అభిప్రాయం.

కొంతకాలంగా మధ్యాహ్నానికే సరుకు అయిపోవడంతో సాయంత్రం వచ్చేవారిని వట్టి చేతులతో పంపవలసి వస్తున్నది. పొయ్యిలో ఇంకా చోటు కనిపిస్తున్నప్పుడు మరో నాలుగు ముక్కలు ఎందుకు పెట్టరని మీలో చాలామంది అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. మా రెండు పొయ్యిల్లోనూ జాలీ వ్యాసం సుమారు 60 సెంటీమీటర్లు ఉంటుంది. పైన మరో అంతస్తు జాలీ అమర్చి ఇరికిస్తే ఒక్కొక్క దానిలో పది ముక్కలు పడతాయి. మేము ఆరింటి దగ్గరే ఆగుతున్నాము, ఇకముందు కూడా ఆగుతాము. దానికి కారణం ఈ పొయ్యి పనిచేసే తీరులోనే ఉంది.

గుడ్డు ఆకారంలో ఉండే ఈ పొయ్యికి మూలం జపాన్‌లో అన్నం వండుకునే మట్టి పొయ్యి. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత అక్కడ ఉన్న అమెరికన్ సైనికులు దానిని తమ దేశానికి తీసుకువెళ్లగా, అది అక్కడ మాంసం కాల్చే, పొగబెట్టే సాధనంగా మారింది. దాని మందపాటి గోడలు వేడిని పట్టి ఉంచుతాయి కాబట్టి లోపలి గాలిని 110 నుంచి 120 డిగ్రీల సెల్సియస్ మధ్య నిలపడానికి చాలా చిన్న నిప్పు సరిపోతుంది. చిన్న నిప్పుకు కొద్దిపాటి గాలి చాలు. గాలి కదలిక అంత తక్కువగా ఉండడం వల్లనే గంటల తరబడి మగ్గినా మాంసం ఎండిపోదు. ఒకసారి నిండుగా పోసిన కట్టె బొగ్గు రాత్రంతా కాలి, తెల్లవారిన తరువాత కూడా మిగులుతుంది. నాలుగు ముక్కలకో ఆరు ముక్కలకో ఇంతకన్నా మంచి పొయ్యి నాకు తెలియదు.

అయితే బరువు పెరిగినకొద్దీ ఈ సుగుణమే అడ్డుపడుతుంది. ఎముకతో సహా ఒక్కొక్క భుజం ముక్క సుమారు నాలుగు కిలోలు ఉంటుంది; పది ముక్కలంటే ఫ్రిజ్ నుంచి అప్పుడే తీసిన నలభై కిలోల చల్లని మాంసం. అది లోపలికి వెళ్లగానే ఉష్ణోగ్రత పడిపోతుంది. దానిని తిరిగి పైకి తేవాలని కింది గాలి ద్వారాన్ని కాస్త ఎక్కువగా తెరిస్తే, నిప్పు నెమ్మదిగా పెద్దదై గోడలను వేడెక్కిస్తుంది. ఒకసారి వేడెక్కిన సిరామిక్ గోడ చల్లారడానికి గంటలు పడుతుంది, ద్వారాలన్నీ మూసినా వెంటనే దారికి రాదు. ఈలోపు నిప్పుకు దగ్గరగా ఉన్న అంచులు మాడుతాయి, మధ్యలో ఉన్నవి ఇంకా వెనుకబడే ఉంటాయి. అందువల్ల మాంసం పెట్టిన తరువాత మొదటి గంట ద్వారాల జోలికి పోకుండా ఓపిక పట్టడం మా వంటగదిలో నియమం. ఆరు ముక్కలతో ఆ ఓపిక ఫలిస్తుంది, పదింటితో ఫలించదు.

ఇరుకు వల్ల మరో నష్టం ఉంది. ముక్కలు ఒకదానికొకటి తగిలితే తగిలిన చోట పొగ పట్టదు, పైభాగం ఆరదు, నల్లగా కరకరలాడే పైపొర ఏర్పడదు. మీలో చాలామంది అడిగి మరీ వేయించుకునేది ఆ పైపొరనే కాబట్టి, ముక్కకు ముక్కకు మధ్య కనీసం రెండు వేళ్ల సందు వదులుతాము. పైగా అంత మాంసం నుంచి వచ్చే తేమ, గాలి అంతగా ఆడని ఈ పొయ్యిలో సులభంగా బయటికి పోదు; తడి ఆరని మాంసం వేయించినట్టు కాకుండా ఆవిరిలో ఉడికించినట్టు తయారవుతుంది. మూత ఒక్కసారి తెరిచి చూపించమని అడిగేవారికి కాదని చెప్పడానికి కూడా కారణం గాలే. మూత తెరవగానే లోపలికి దూసుకువచ్చే గాలితో నిప్పు ఒక్కసారిగా రాజుకుంటుంది, ఒక్కొక్కసారి మంట బయటికి ఎగదన్నుతుంది కూడా. చూడాలని ఉన్నవారు ముక్కలను చుట్టే వేళకు రండి, ఎలాగూ అప్పుడు తెరుస్తాము. కాకపోతే ఆ వేళ అర్ధరాత్రి అవుతుంది.

ఇక ఆలస్యాల సంగతి. పది గంటలకు సిద్ధమని చెప్పిన మాంసం ఒంటిగంటకు చేతికి వచ్చిన అనుభవం మీలో కొందరికి ఉంది. దానికి కారణమైన దశను ఈ పనిలో ఉన్నవారు స్టాల్ అంటారు. ముక్క లోపలి ఉష్ణోగ్రత మొదటి కొన్ని గంటలు చురుగ్గా పెరిగి, 65 నుంచి 75 డిగ్రీల మధ్య ఎక్కడో ఆగిపోతుంది; కొన్నిసార్లు నాలుగైదు గంటలు అక్కడే కూర్చుంటుంది. లోపలి నీరు పైకి చేరి ఆవిరి అవుతూ, పొయ్యి ఇచ్చే వేడిని అంతటినీ తనతో తీసుకుపోవడమే దీనికి కారణం. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి పట్టే వేడి కంటే అదే గ్రామును ఆవిరి చేయడానికి 500 రెట్లకు పైగా వేడి కావాలి. చిన్న నిప్పుతో నడిచే పొయ్యిలో ఆ లెక్క మరీ భారంగా ఉంటుంది. ఒకే బరువున్న రెండు ముక్కలు కూడా ఈ దశను ఒకే సమయంలో దాటవు. మందం, కొవ్వు, తేమ, పొయ్యిలో ఉన్న చోటు అన్నీ తేడా తెస్తాయి. ఆ దశను దాటి 93 నుంచి 96 డిగ్రీల వరకు వెళ్లనిదే ముక్కను దించడం కుదరదు. పంది మాంసపు పెద్ద ముక్కలు 63 డిగ్రీలకు చేరి, మూడు నిమిషాలు ఆగితే తినడానికి సురక్షితమే. కానీ భుజంలో నిండుగా ఉండే కొల్లాజెన్ అనే గట్టి పీచు పదార్థం కరిగి మెత్తని జిలటిన్‌గా మారడానికి ఎక్కువ వేడీ, అంతకన్నా ఎక్కువ సమయమూ పడుతుంది. తొందరపడి దించిన భుజం రబ్బరులా సాగుతుంది. అలాంటిది మీకు ఇవ్వడం కన్నా మీ చేత తిట్లు తినడమే నయమని ఇన్నాళ్లూ ఆలస్యాన్నే ఎంచుకున్నాము.

స్టాల్‌ను తగ్గించడానికి తెలిసిన ఉపాయం ముక్కను చుట్టడం. చుట్టిన తరువాత పైనుంచి నీరు స్వేచ్ఛగా ఆవిరి కాలేదు, కాబట్టి ఉష్ణోగ్రత మళ్లీ కదులుతుంది. అల్యూమినియం ఫాయిల్ అయితే పని వేగంగా సాగుతుంది కానీ పైపొరను బాగా మెత్తబరుస్తుంది. మాంసానికి వాడే మందపాటి కాగితం కొంత ఆవిరిని వదులుతుంది కాబట్టి పైపొర చాలావరకు నిలుస్తుంది. మేము కాగితాన్నే వాడుతున్నాము. పైపొర నల్లబడి, గోటితో గీరినా ఊడిరానంత గట్టిపడినప్పుడే చుడతాము. థర్మామీటర్ 70 చూపినా పైపొర సిద్ధం కాకపోతే ఆగుతాము.

ఓవెన్ విషయంలో నా మనసు మారింది ఇక్కడే. చుట్టిన ముక్కకు పొగ దాదాపు తగలదు. పొగ ఎక్కువగా పట్టేది పైభాగం చల్లగా, తడిగా ఉన్న మొదటి గంటల్లోనే. కోసినప్పుడు అంచున కనిపించే గులాబి రంగు వలయం కూడా ఆ తొలి గంటలదే: కట్టె, బొగ్గు కాలినప్పుడు వచ్చే నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు, మాంసానికి ఎరుపునిచ్చే మయోగ్లోబిన్‌తో కలవడం వల్ల ఆ రంగు నిలుస్తుంది, ఆ భాగం సుమారు 60 డిగ్రీలు దాటాక వలయం ఇక పెరగదు. (అది పచ్చిగా ఉందని తిప్పి పంపినవారికి మరోసారి వినయంగా చెబుతున్నాము, అది పచ్చి కాదు.) కాబట్టి చుట్టిన తరువాత ఆ ముక్కకు కావలసింది 120 డిగ్రీల నిలకడైన వేడి ఒక్కటే. ఆ వేడి బొగ్గుదైనా కరెంటుదైనా కాగితం లోపలున్న మాంసానికి ఒకటే. కొన్ని వారాలుగా రెండు రకాలూ పక్కపక్కన పెట్టి మాలో మేము రుచి చూశాము. ఏది ఏదో నేను చెప్పలేకపోయాను, నా కన్నా పదునైన నాలుక ఉన్న మా ప్రధాన వంటమనిషీ చెప్పలేకపోయారు.

మాకు కలిగే లాభాన్ని కూడా దాచడం లేదు. అర్ధరాత్రి మొదటి విడత ఓవెన్‌లోకి వెళ్లగానే ఖాళీ అయిన పొయ్యిల్లో రెండో విడత పెట్టగలుగుతాము. కొత్త పొయ్యి కొనకుండానే అమ్మకం దాదాపు రెట్టింపు అవుతుంది, కిలో మాంసానికి కాలే బొగ్గు తగ్గుతుంది. రెండో విడతకు ముందు బూడిద దులిపి, కొత్త బొగ్గు, కట్టె ముక్కలు వేసి, మొదట వచ్చే చిక్కటి తెల్లని పొగ పలచబడే వరకు ఆగుతాము. ఆ తెల్లని పొగలో పెట్టిన మాంసం చేదెక్కుతుంది. ఎంత ఆలస్యమైనా ఆ నిరీక్షణను తగ్గించేది లేదు.

మీకు కనిపించే మార్పులు కొన్నే. మొదటి విడత తెల్లవారుజామున పూర్తయి, చుట్టిన కాగితంలోనే 65 డిగ్రీల పైన ఉంచిన వేడి పెట్టెలో విశ్రాంతి తీసుకుంటుంది, కాబట్టి మధ్యాహ్నం సరఫరా చెప్పిన వేళకు అందుతుంది. రెండో విడత సాయంత్రానికి. పైపొర మునుపటి కన్నా కొంచెం మెత్తగా ఉంటుంది; ఆ మేరకు తేడా ఉన్నదని ఒప్పుకోవాలి. ముక్కలో రసం కొంచెం ఎక్కువగా నిలుస్తుంది. బరువు విషయంలో మాత్రం పెద్ద మార్పు ఆశించవద్దు: నాలుగు కిలోల పచ్చి భుజం నుంచి ఎముక, కరిగిన కొవ్వు, పోయిన నీరు తీసివేయగా చేతికి వచ్చేది సుమారు సగమే. అందుకే మేము ఎప్పుడూ వండిన బరువుకే అమ్ముతాము.

వేడిగా తీసుకువెళ్లిన మాంసాన్ని రెండు గంటల్లోపు తినండి, లేదా వెడల్పాటి గిన్నెలో పలచగా పరిచి, దానితో ఇచ్చిన రసం కలిపి ఫ్రిజ్‌లో పెట్టండి. పెద్ద ముద్దగా పెడితే మధ్యభాగం చల్లబడడానికి చాలాసేపు పడుతుంది, సూక్ష్మజీవులు పెరిగేది ఆ గోరువెచ్చని సమయంలోనే. మూడు నాలుగు రోజుల్లో వాడేయాలి. తిరిగి వేడి చేసేటప్పుడు మూత పెట్టి, 74 డిగ్రీలు చేరే వరకు వేడి చేయాలి. ఆ రోజే తినని వారు చీల్చినది కాకుండా పెద్ద ముక్కగా అడిగి తీసుకోవడం మంచిది, చీల్చిన మాంసం త్వరగా ఎండిపోతుంది.

ఈ పద్ధతి నచ్చనివారి కోసం ఒక ఏర్పాటు ఉంచాము. చుట్టకుండా, ఓవెన్ తాకకుండా, మొదటి నుంచి చివరి వరకు బొగ్గు మీదే వండిన భుజాలు రోజుకు రెండు మాత్రమే చేస్తాము, అవి రెండో విడత పొయ్యిలో ఒక మూలన ఉంటాయి. వాటికి సమయం చెప్పలేము. సిద్ధమైనప్పుడు ఫోన్ చేస్తాము, అది రాత్రి ఎనిమిదైనా కావచ్చు. మిగిలిన ఆర్డర్లన్నీ ముందు రోజు మధ్యాహ్నం పన్నెండు గంటలలోపు అందాలి, ఎందుకంటే ఉప్పు, మసాలా పూసిన ముక్కలు ఆ సాయంత్రమే పొయ్యి ఎక్కుతాయి. ఆర్డర్ ఇచ్చేటప్పుడు మధ్యాహ్నమా సాయంత్రమా, ముక్కగానా చీల్చిందా, పైపొర విడిగా కావాలా అన్న మూడు సంగతులు తప్పక తెలపండి.